నాలుగో అర్హత

2025 డిసెంబరులో ఒక గురువారం నాకు రెండు ఇంటర్వ్యూలు ఒకే రోజు పడ్డాయి. పదకొండింటికి కోఠీలో ఒకటి, మూడింటికి అమీర్‌పేటలో ఒకటి. ఆ సాయంత్రానికి ఉద్యోగం వచ్చింది. నెలకి 17 వేలు. ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ ఉద్యోగం నాకే ఎందుకు వచ్చిందో తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నేను ఎం.కాం. చదివాను. ఐదేళ్ళు అకౌంట్స్‌లో పనిచేశాను. 2018లో పాప పుట్టినప్పుడు మానేశాను. ఆ తర్వాత బాబు. ఇప్పుడు పాప రెండో క్లాసు, బాబు ఎల్.కె.జి. బయోడేటాలో ఆ ఏడేళ్ళ ఎదురుగా ఏం రాయాలో ఎంత ఆలోచించినా తోచలేదు. రెండు కాన్పులు, అత్తయ్య మోకాలి ఆపరేషన్, ఇంటి లోను వాయిదాలు, స్కూలు ఫీజులు, నెలాఖరున చేబదుళ్ళు - ఇన్ని లెక్కలు చూసినదాన్ని, ఉద్యోగం ఇచ్చేవాళ్ళ దృష్టిలో ఏడేళ్ళు ఊరికే కూర్చున్నదాన్ని. చివరికి ఆ చోటు ఖాళీగానే వదిలేశాను.

ఆ రోజు నాలుగున్నరకి లేచాను. వంట, టిఫిను, మూడు బాక్సులు, బాబు నోట్లో ఇడ్లీ కుక్కడం, స్కూలు ఆటోవాడి హారన్. బాబుని మధ్యాహ్నం స్కూలు నుంచి తీసుకురమ్మని ఎదురింటావిడని బతిమాలుకున్నాను. ఇంటర్వ్యూకి తయారవడం అని మగవాళ్ళు అనేదానికీ మనం అనేదానికీ తేడా ఇక్కడే మొదలవుతుంది.

కొత్తపేటలో బస్సెక్కాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన, "ఫ్రీ అనేసరికి ఆడోళ్ళంతా ఊరికే తిరుగుతున్నారు" అని ఎవరితోనో అంటున్నాడు. రెండు వారాల్లో పని కోసం నేను ఎక్కిన బస్సులు ఇరవై పైనే. టికెట్ పెట్టుకోవాల్సి వస్తే అందులో సగం చోట్లకి వెళ్ళేదాన్ని కాదు. ఆయనతో ఆ మాట అనలేదు. ఎక్కిన దగ్గర్నుంచి లోపల ఒకటే పాఠం అప్పజెప్పుకుంటున్నాను: జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్.

కోఠీలోది మందుల హోల్‌సేల్ వ్యాపారం. యజమాని యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. ఇరవై నిమిషాలు పనే అడిగాడు. స్టాకు రిజిస్టరు, గడువు తీరిన మందుల లెక్క, వసూలు కాని బిల్లులు. అన్నిటికీ చెప్పాను. "ఎప్పట్నుంచి రాగలరు?" అని కూడా అడిగాడు. టీ తెప్పించాడు. టీ వచ్చేలోపల అడిగాడు, పిల్లలెంతమంది అని.

"ఇద్దరండీ."

"చిన్నవాడికి ఎన్నేళ్ళు?"

"నాలుగు."

"స్కూలు ఎన్నింటికి వదుల్తారు? జ్వరం గిరం వస్తే?"

"మా అత్తయ్యగారున్నారండీ."

"పెద్దావిడ కదమ్మా. ఆవిడకే జ్వరం వస్తే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గర మాత్రం ఉంటుంది? ఆయన నా కాగితాలు చక్కగా సర్ది నా వైపు జరిపాడు. "మీ మంచికే చెప్తున్నాను తల్లీ. పిల్లలు కాస్త పెద్దయ్యాక రండి." టీ తాగే వచ్చాను. ఆయన కౌంటర్లో పనిచేస్తున్న ముగ్గురు మగవాళ్ళకీ పిల్లలుంటారు, ఆ పిల్లలకీ జ్వరాలొస్తాయి. వాళ్ళనెవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు. ఎందుకంటే వాళ్ళ పిల్లలకి జ్వరమొస్తే చూసుకోవడానికి ఇంట్లో నాలాంటిది ఒకతి ఉంటుందని అందరికీ తెలుసు.

మెట్రో రైలెక్కితే అమీర్‌పేట త్వరగా చేరొచ్చు. డబ్బులు దండగని మళ్ళీ బస్సే ఎక్కాను. దిగేటప్పుడు చెప్పు తెగింది. పిన్నీసుతో బిగించుకుని కుంటుకుంటూ వెళ్ళాను. బాత్‌రూమ్ కోసం ఎంతసేపు వెతికానో రాయడం అనవసరం, ఊళ్ళో పనిమీద తిరిగే ఆడవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఇంటి నుంచి నీళ్ళు తాగకుండా బయల్దేరతాం.

రెండోది ఎలక్ట్రికల్ సామాను సరఫరా చేసే సంస్థ. నలభైమంది దాకా పనిచేస్తారట. వరండాలో అప్పటికే ఆరుగురున్నాం, నలుగురం ఆడవాళ్ళం. అందరికీ ఒకే ఫారం ఇచ్చారు. తండ్రి లేక భర్త పేరు, భర్త వృత్తి, వివాహితా అవివాహితా, పిల్లల సంఖ్య, ఆఖరి బిడ్డ వయసు. పక్కనున్న అబ్బాయి ఆ గడుల్లో అడ్డంగా గీతలు కొట్టి ముందుకి పోయాడు. అతన్ని ఎవరూ వెనక్కి పిలవలేదు.

నా పక్కనున్న అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళుంటాయి. "అక్కా, పెన్నుందా?" అని మాట కలిపింది. కాళ్ళకి మెట్టెలు లేవు గానీ రెండు వేళ్ళ మీదా తెల్లగా మచ్చలు పడి ఉన్నాయి. నేను చూడటం చూసి నవ్వింది. "తీసేశా అక్కా. నల్లపూసలు కూడా బ్యాగులోనే ఉన్నాయి. ఇంతకుముందు రెండు చోట్ల పెళ్ళై నాలుగు నెలలైందని చెప్పగానే పని గురించి అడగడమే మానేశారు." బస్సు దిగాక సందు మలుపులో నిలబడి తీసేసిందట. ఇంటికి వెళ్ళేముందు మళ్ళీ పెట్టుకుంటుంది. అత్తగారు చూస్తే గొడవ కదా. ఇంట్లోకి వెళ్ళడానికి మెట్టెలు కావాలి, ఆఫీసులోకి వెళ్ళడానికి మెట్టెలు ఉండకూడదు.

పనిలో ఆ అమ్మాయి నాకంటే గట్టిది. నేను మానేసిన నాటికి జీఎస్టీ వచ్చి ఏడాదే అయింది. 2020లో వచ్చిన జీఎస్టీఆర్ 2బి నేను పుస్తకంలో చూడటమే గానీ చేతులతో చేసింది లేదు. మనం కొన్న సరుకు బిల్లులు అమ్మినవాళ్ళు తమ రిటర్నుల్లో చూపించారో లేదో ఆ పట్టీలో తెలుస్తుంది. అందులో ఉన్నవీ మన పుస్తకాల్లో ఉన్నవీ సరిపోల్చుకోవాలి, లేకపోతే కట్టిన పన్ను వెనక్కి రాదు. ఎలా సరిపోల్చాలో, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, నా ఫారం వెనకవైపు గీతలు గీసి పది నిమిషాల్లో చెప్పింది. లోపల నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆ అమ్మాయి చెప్పినట్టే చెప్పాను.

ముందు ఆ అమ్మాయినే పిలిచారు. ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేసింది. "అడిగారక్కా. అబద్ధం చెప్దామనుకున్నా, నోటికి రాలేదు" అంది. పెన్ను తిరిగిచ్చి, ఆల్ ది బెస్ట్ చెప్పి వెళ్ళిపోయింది.

లోపల ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆవిడ. పని గురించి మగవాళ్ళు అడిగారు. ఆ రెండో ప్రశ్న మాత్రం ఆవిడే అడిగింది. బహుశా ఆడవాళ్ళ చేత అడిగిస్తే మర్యాదగా ఉంటుందని ఏర్పాటు కాబోలు. "బాబుకి నాలుగేళ్ళా? మరి ఇంకా ఏమైనా..." అని ఆవిడ వాక్యం పూర్తిచేయలేదు. పొద్దున కోఠీలో తిన్న దెబ్బ నా మనసులో పచ్చిగా ఉంది. "ఆపరేషన్ అయిపోయిందండీ" అన్నాను.

మన తెలుగునాట ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. గదిలో గాలి తేలికపడినట్టు నాకే తెలిసింది. "మంచిదమ్మా" అన్నాడు పెద్దాయన. ఎం.కాం. ఒకటి, టాలీ రెండు, ఐదేళ్ళ అనుభవం మూడు. నాలుగో అర్హత అది. మిగతా మూడూ ఆ అమ్మాయికీ ఉన్నాయి, రెండోది నాకంటే ఎక్కువే ఉంది.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ప్రకటనలో 18 నుంచి 22 వేలు అని ఉంది. "మీకు గ్యాపుంది కదా, మీవారు కూడా సంపాదిస్తున్నారు కదా, 17తో మొదలుపెడదాం" అన్నారు. మా ఆయన జీతానికీ నా పనికీ ఏమిటి సంబంధం? అడగలేదు. ఆ కుర్చీలో అంతకుముందున్న అతనికి 21 వేలు ఇచ్చేవాళ్ళని బయట అటెండర్ చెప్పాడు. తర్వాత డిగ్రీ, పి.జి. ఒరిజినల్స్ ఇచ్చి వెళ్ళమన్నారు. రెండేళ్ళు వాళ్ళ దగ్గరే ఉంటాయట, మధ్యలో మానేస్తే రెండు నెలల జీతం కట్టి తీసుకోవాలట. పోయిన ఏడాది మా బస్తీ ఆడవాళ్ళ మీటింగులో, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి అని గట్టిగా మాట్లాడింది నేనే. ఆ మాట నాకు ఆ గదిలో గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చే ఇచ్చాను. రసీదు అడిగితే, "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అని నవ్వారు. రెండోసారి అడిగాను. ఇచ్చారు. ఆ రోజు నేను చేసిన పోరాటం అంతే.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టింది. పాప, "అమ్మా, నువ్వు కూడా ఆఫీసుకి వెళ్తావా?" అని మూడుసార్లు అడిగి మూడుసార్లూ గంతులేసింది. రాత్రి మా ఆయనతో అన్నీ చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. విని, "నిజమే కదా, నిజం చెప్తే తప్పేముంది?" అన్నాడు.

నేనీ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్న వల్లే. నేను చెప్పింది నిజమే. 2021లో బాబు పుట్టినప్పుడు అదే బల్ల మీద ఆపరేషన్ కూడా అయిపోయింది. అప్పుడైనా మగవాళ్ళకి అంతకన్నా తేలికైన ఆపరేషన్ ఉందని ఎవరూ ఎత్తలేదు, అది వేరే కథ. కానీ నిజం చెప్పానా అబద్ధం చెప్పానా అన్నది కాదు ఇక్కడ విషయం. నేను ఆ మాట అనగానే, నాకు తెలియకుండానే, వాళ్ళ పక్షాన నిలబడ్డాను. కడుపు పండే అవకాశం ఉన్న ఆడది పనికిరాదు అన్న వాళ్ళ లెక్కని ఒప్పుకుని, ఆ లెక్కలో నేను పాసయ్యానని చూపించుకున్నాను. ఫెయిలైన అమ్మాయి బయట మెట్టెలు పెట్టుకుంటోంది.

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. చాలా కాలంగా ఉంది. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన సమాన వేతన చట్టం, జీతంలోనే కాదు, ఉద్యోగంలోకి తీసుకోవడంలో కూడా స్త్రీ అన్న కారణంగా వివక్ష చూపకూడదని చెప్పింది. అది 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే నేను ఆ గదిలో కూర్చునే నాటికి ఒక్క నెల కూడా కాలేదు. వివక్ష కూడదని ఆ సెక్షన్‌లో ఉంది. ఏ ప్రశ్న అడగకూడదో మాత్రం లేదు.

కోర్టుకెళ్ళి గెలిచిన ఆడవాళ్ళూ ఉన్నారు. 1979లో ముత్తమ్మ గారి కేసులో, విదేశాంగ సర్వీసులో పెళ్ళైన స్త్రీకి నియామకం హక్కుగా దక్కదన్న నిబంధనని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పుపట్టారు. 1981లో ఎయిర్ హోస్టెస్ నర్గీస్ మీర్జా కేసులో, మొదటి గర్భంతోనే ఉద్యోగం తీసేసే నిబంధనని కొట్టేశారు (చేరిన నాలుగేళ్ళ దాకా పెళ్ళి చేసుకోకూడదన్న నిబంధనని మాత్రం అదే తీర్పు ఉండనిచ్చింది, అది మనవాళ్ళు తరచూ మర్చిపోతారు). 1991లో నీరా మాథుర్ కేసు నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. 1989లో ఎల్ఐసీలో చేరేటప్పుడు ఆమెకి ఇచ్చిన ఫారంలో నెలసరి వివరాలు, ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు అని గడులున్నాయి. కాన్పు సెలవు తీసుకున్నాక, ఫారంలో తప్పు రాసిందని ఉద్యోగం తీసేశారు. సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది, ఆ గడులు తీసేయమంది.

ఈ ముగ్గురిలో ఒక పోలిక ఉంది చూడండి. ముగ్గురూ అప్పటికే లోపలున్నవాళ్ళు. ఉద్యోగం ఉంది, దాన్ని పోగొట్టబోయారు, లేక పైకి రానివ్వలేదు. చూపించడానికి కాగితం ఉంది. వరండాలోంచే వెనక్కి వెళ్ళిపోయిన అమ్మాయి దగ్గర ఏ కాగితం ఉంది? ఆమెకి ఏమని చెప్పారు? "తర్వాత కబురు చేస్తాం" అన్నారు. దాని మీద ఏ కోర్టుకి వెళ్తుంది? కాన్పు సెలవు చట్టాన్ని 2017లో సవరించి 12 వారాలని 26 వారాలు చేశారు. యాభైమంది పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే చోటు ఉండాలన్నారు. మంచిదే. ఆ హక్కులన్నీ గుమ్మం దాటాక మొదలవుతాయి. గుమ్మం దగ్గర మాత్రం ఎవరూ లేరు.

యజమానుల వాదన కూడా వినాలి. 26 వారాల జీతం మా జేబులోంచి ఇవ్వాలి, చిన్న వ్యాపారానికి ఎలా తట్టుకోవడం అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ప్రభుత్వం హక్కు ప్రకటించి, బిల్లు మాత్రం ఆ స్త్రీని పనిలో పెట్టుకున్న ఒక్కడికే పంపింది. ఇలాంటి చట్టం ఆడవాళ్ళకే ఎదురుతిరుగుతుందని మనలో కొందరు అప్పుడే అన్నారు. వాళ్ళమీద నేను కోప్పడ్డాను కూడా. కానీ నాకు దొరికిన లాంటి ఉద్యోగాల విషయంలో ఈ వాదన నిలబడదు. ఇఎస్ఐ కిందికి వచ్చే ఉద్యోగినికి కాన్పు సెలవు జీతం ఇఎస్ఐయే ఇస్తుంది, యజమాని కాదు. ఆ నిధికి మగ ఉద్యోగి జీతం మీదా ఆడ ఉద్యోగి జీతం మీదా ఒకే లెక్కన కట్టాలి. 2019లో దాన్ని యజమానికి 3.25 శాతం, ఉద్యోగికి 0.75 శాతంగా తగ్గించారు కూడా. మగవాణ్ణి పెట్టుకుంటే ఆ డబ్బు మిగలదు. మరి 17 వేల ఉద్యోగానికి నా గర్భం గురించి ఎందుకడిగారు? డబ్బు భయం కాదది. ఆర్నెల్లు మనిషి కనిపించదనీ, ఆ తర్వాత పిల్లల పేరు చెప్పి సెలవులు పెడుతుందనీ, పిల్లలు పుట్టడం ఆమె సొంత తప్పు అనీ. ఆ కోఠీ పెద్దాయన "మీ మంచికే" అన్నదానికి అర్థం ఇదే.

అందుకని నాకు తోచింది చెప్తాను. ఇంటర్వ్యూ గదిలో ఒంటరిగా కూర్చున్న ఆడదాన్ని, నీ హక్కులు తెలుసుకో, ఎదురు ప్రశ్న వెయ్యి అని మనం మీటింగుల్లో చెప్పడం మానేద్దాం. నేను తెలిసినదాన్నే. వెయ్యలేకపోయాను. ఆ క్షణంలో చేతిలో ఏమీ లేనిది ఆమె ఒక్కతే. అడగాల్సింది సంస్థని. పని మాట్లాడేచోటకి లేబర్ ఆఫీసు వాళ్ళు వచ్చి జీతాల రిజిస్టరు చూసినట్టే దరఖాస్తు ఫారం కూడా చూడాలి. భర్త వృత్తి గడి ఎందుకుందని అడగాలి. బీరువా తెరిచి ఎవరెవరి ఒరిజినల్స్ ఉన్నాయో లెక్కపెట్టాలి. పెళ్ళి గురించీ కాన్పుల గురించీ నియామకానికి ముందు అడగడమే నేరమని నియమాల్లో విడిగా రాయాలి. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త కోడ్‌లలో ఉంది కాబట్టి, అదైనా మొదటిరోజే చేతిలో పడాలి. నాకు ఈ మాటలు రాసే నాటికి పడలేదు. ఇంకో వారం ఆగమన్నారు. రసీదు మాత్రం ఉంది.

ఇంతకీ ఉద్యోగంలో చేరాను. పని బాగుంది. బిల్లులు పోల్చి చూసేటప్పుడల్లా ఆ అమ్మాయి గీసిన గీతలే గుర్తొస్తాయి. పేరు కూడా అడగలేదు. మళ్ళీ బస్సులో ఎక్కడైనా కనిపిస్తే ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఫారం ఇచ్చేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసిపెట్టుకున్నాను, పిల్లల సంఖ్య, ఆఖరి బిడ్డ వయసు అన్న గడులు కనబడేలా. సంస్థ పేరు కొట్టేసి దాని కాపీ ఈ వ్యాసంతోపాటు సంపాదకులకి పంపుతున్నాను. మీరు ఉద్యోగాల కోసం నింపిన ఫారాలు మీ దగ్గర ఉంటే, మీ పేరు తీసేసి అవి కూడా పంపండి. పది ఊళ్ళవి, యాభై సంస్థలవి ఒకచోట చేరితే, లేబర్ కమిషనర్ ఆఫీసుకి పట్టుకెళ్ళడానికి మనకీ ఒక కాగితం ఉంటుంది.